బురద లేని ఇంజిన్

బీరంగూడ కమాన్ దాటాక టైర్ల దుకాణం పక్కనున్న రేకుల షెడ్డులోంచి పానా ఒకటి ఎగిరొచ్చి రోడ్డు మీద పడిందంటే, లోపల కొత్త కారు ఉందన్నమాటే. పాత కారు మీద మెకానిక్ శ్రీశైలం ఏనాడూ పానా విసరలేదు. షెడ్డు ముందరి అడ్డ మీద కిరాయి బండ్లు నిలబెట్టుకునే డ్రైవర్లకు ఇదంతా అలవాటే. చాయ్ గ్లాసు పక్కన పెట్టి, పానా ఏరి తెచ్చి, గుమ్మంలోంచే లోపలికి తోసి, తిట్లు తమ మీదికి మళ్ళకముందే వెనక్కి వచ్చేస్తారు.

అతనికి కోపం రాక ఏం చేస్తుంది చెప్పండి! యాభై నాలుగేళ్ళ మనిషి. పటేల్‌గూడలో అయ్య దున్నిన పొలం అన్నదమ్ములకు వదిలేసి, పదహారో ఏట సంగారెడ్డిలో బాపిరాజు ఉస్తాద్ దగ్గర పనికి కుదిరాడు. ఆ బాపిరాజు ఎక్కడో గోదావరి అవతల నుంచి లారీ తోలుకొచ్చి, అది చెడిపోతే బాగు చేసుకుంటూ ఇక్కడే ఉండిపోయినవాడు. పొడుగాటి స్క్రూడ్రైవర్ మొనను ఇంజిన్ మీద ఆనించి, పిడిని చెవికి పెట్టుకుని వినడం ఆయనే నేర్పాడు. ఎక్కడ వదులైందో, ఎక్కడ అరిగిందో ఆ పిడిలోంచి చెవికి తెలిసిపోతుంది. ముప్పై ఎనిమిదేళ్ళలో శ్రీశైలం చెవి ఒక్కసారీ మోసపోలేదు. శ్రీశైలమన్న చెవి పెట్టాడంటే ఇక అయిపోయినట్టే అని పటాన్‌చెరు నుంచి సంగారెడ్డి దాకా పేరుంది.

అలాంటివాడి ముందుకు ఇప్పుడొచ్చే బండ్లేమిటి? బానెట్ ఎత్తితే ఇంజిన్ కనబడదు, నల్ల ప్లాస్టిక్ మూత కనబడుతుంది. ముందు దీపం బల్బు మార్చాలంటే బంపర్ ఊడదీయాలి. నాలుగు ప్లగ్గులు చూడాలంటే వాటి మీద అడ్డంగా పడుకున్న ప్లాస్టిక్ గొట్టాల కట్టను, అదే మానిఫోల్డ్‌ను, ఎత్తాలి. దాన్ని ఎత్తాలంటే అద్దం కింది వైపర్ల గిన్నె తీయాలి. ఒక్కో బోల్టు తలకు ఒక్కో వింత గుంట, ఒక్కో దానికి ఒక్కో కొత్త పానా కొనాలి.

"గిది గీసినోడు ఎన్నడన్న దీంట్ల చెయ్యి పెట్టిండా? వాని చెయ్యి తెచ్చి ఒక్కసారి గీ సందుల పెట్టి బానెట్ ఎయ్యాలె నేను!" అని అరుస్తాడు శ్రీశైలం. అరిచి, తన చేతినే ఆ సందులో దూరుస్తాడు. ముంజేతి మీద గీరుకోని చోటు లేదు.

అన్నీ మారినా అతని దసరా పూజ మాత్రం మారలేదు. ఆ రోజు పానాలన్నీ కడిగి చెక్క బల్ల మీద వరసగా పరిచి పసుపు కుంకుమ పెడతాడు. ఎప్పుడూ తన దగ్గరికే వచ్చే బండ్లవాళ్ళు అయిదారు కిలోమీటర్లు నడిపించి, ఇంజిన్ వేడెక్కాక తెస్తారు. శ్రీశైలం బానెట్ ఎత్తి, పెద్ద పానా వెనక భాగంతో కొబ్బరికాయ కొట్టి, ఆ నీళ్ళు ఇంజిన్ మీద పోస్తాడు. కాలే ఇనుము మీద సుయ్యిమని ఆవిరి లేస్తుంది. ఆవిరి లేస్తే ఇంజిన్ తాగిందని లెక్క, ఆ ఏడాది బండికి ఢోకా లేదు. ఇది బాపిరాజు ఉస్తాద్ పెట్టిన ఆనవాయితీ.

ఈ దసరాకు పటాన్‌చెరు మార్కెట్లో ధాన్యం వ్యాపారం చేసే బద్రీనాథ్ సేటు కొత్త కారు కూడా వచ్చింది. తోలుకొచ్చింది సేటు డ్రైవర్ పెద్దరాములు. బొంతపల్లి రైతుబిడ్డ, నలభై దాటినవాడు, ఆరేళ్ళుగా సేటు బండి నడుపుతున్నాడు. శ్రీశైలం కొబ్బరికాయ కొట్టి నీళ్ళు పోశాడు. ఆవిరి లేవలేదు. నల్ల మూత పీకి పక్కన పడేసి, ఇంకో కాయ కొట్టి మళ్ళీ పోశాడు. గొట్టాల మీద పడ్డ నీళ్ళు సందుల్లోంచి లోపలికి జారిపోయాయి గానీ ఆవిరి లేవలేదు.

"అన్నా, గీ బండికి పైపైన జెర సల్లితె సాలదా?" అన్నాడు పెద్దరాములు మెల్లగా.

"ఏం రా, నాకు పూజ నేర్పుతున్నవా? ఇంజిన్‌కు దూప కాదా, తాగొద్దా?" అని కసిరి, శ్రీశైలం మూడో కాయ అందుకున్నాడు.

పన్నెండు రోజులు గడిచాయి. మధ్యలో రెండు రోజులు కుండపోత వాన, ముత్తంగి దగ్గర వంతెన కింద నడుముల్లోతు నీళ్ళు నిలిచాయి. ఆ తర్వాత ఒక బుధవారం పొద్దున సేటు కారు కుదుపుకుంటూ, దగ్గుకుంటూ షెడ్డు ముందుకొచ్చి నిలబడింది. ఇంజిన్ మిస్ కొడుతోంది. వెనక సీట్లోంచి బద్రీనాథ్ దిగాడు, ముందు నుంచి పెద్దరాములు దిగాడు. అడ్డ మీది డ్రైవర్లు ఎనిమిది మంది చుట్టూ మూగారు.

శ్రీశైలం స్క్రూడ్రైవర్ ఆనించి చెవి పెట్టాడు. ఏమీ వినబడలేదు. ప్లాస్టిక్ మీద పెడితే ఏం వినబడుతుంది, తేనెటీగ మూలిగినట్టు సన్నటి రొద తప్ప! ఇంకోచోట పెట్టాడు, మరోచోట పెట్టాడు. వెనక నిలబడ్డవాళ్ళు మెడలు చాచి చూస్తున్నారు. అతని చెవులు వేడెక్కాయి.

"అన్నా, ఇది మనతోని అయ్యేటట్టు లేదు. షోరూంల కంప్యూటర్ పెట్టి సూస్తరట, గాడికి తీస్కపోదాం," అన్నాడు పెద్దరాములు. అతను మంచికే అన్నాడు. ఆ మాటలో వెటకారం లేదు.

కానీ శ్రీశైలానికి ఒళ్ళు భగ్గుమంది. ఎనిమిది మంది ముందర! తను ఎవరికి చెయ్యి పట్టి డ్రైవింగ్ నేర్పించాడో వాడే! చెయ్యి సందులో దూర్చి, ఒక చివర చేతికందిన కాయిల్‌ను, అంటే ప్లగ్గుకు కరెంటు ఇచ్చే కడ్డీని, గుంజి పైకి తీశాడు. దాని రబ్బరు తొడుగు తడిగా ఉంది.

ఒక్క క్షణం అతను ఇంజిన్ కిందికి తొంగిచూశాడు. బురద చార లేదు. ఎయిర్ ఫిల్టర్ విప్పి చూస్తే, ఆ గాలి వడపోసే అట్ట పొడిగా ఉంది. కారు లోపల కాళ్ళ కింద పరిచిన పట్టా పొడిగా ఉంది. వాననీళ్ళలో దిగిన బండి ఇలా ఉండదని అతనికి తెలుసు, ముప్పై ఎనిమిదేళ్ళ అనుభవం ఉన్నవాడికి తెలియకేం! ఆ తడిని వాసన చూసినా సంగతి తేలేది. చూడలేదు. కోపం నోటిదాకా వచ్చి కూర్చుంది మరి.

"నీళ్ళల్ల దించిండు సేటూ నీ డ్రైవర్. మొన్న వానల వంతెన కిందికెల్లి తోలిండు. ఇంజిన్ నీళ్ళు తాగింది," అన్నాడు.

పెద్దరాములు మొహం పాలిపోయింది. "తప్పన్నా! ఆ దినం నేను గంటసేపు ఈవలనే నిలవడ్డ. నీళ్ళు తగ్గినంకనే పోయిన. పిల్లల మీద ఒట్టు."

"మరి ఈ నీళ్ళు యాడికెల్లి వచ్చినయ్ రా? నేను పోసిన్నా?"

అందరూ ఘొల్లున నవ్వారు. బద్రీనాథ్ నవ్వలేదు. శ్రీశైలం మాట అంటే ఆయనకు రాతపూర్వకంగా ఇచ్చినట్టే. చెయ్యి చాచి, "తాళాలిటు తే," అన్నాడు. పెద్దరాములు ఇచ్చాడు. శ్రీశైలం వైపు ఒకసారి చూసి, రోడ్డెక్కి నడిచి వెళ్ళిపోయాడు. ఆరేళ్ళ కొలువు అలా అయిదు నిమిషాల్లో ముగిసింది.

ఆ తర్వాత మొదలైంది అసలు యుద్ధం. బుధవారం వైపర్ల గిన్నె ఊడింది. గురువారం మానిఫోల్డ్ బోల్టులు ఆరు వచ్చాయి, ఏడోది రాలేదు. అది ఇంజిన్ వెనక, గోడకు మొహం పెట్టి కూర్చుంది. కంటికి కనబడదు, పానా తిరగదు, వేళ్ళతో తడిమి తిప్పాలి. తిప్పితే చుట్టులో పదో వంతు తిరుగుతుంది, మళ్ళీ పానా తీసి మళ్ళీ పెట్టాలి. పెట్టేటప్పుడు చేయి జారి పానా లోపలెక్కడో పడిపోతుంది. పడ్డ పానాను వెతకడానికి కిందనున్న రేకు విప్పాలి. ఆ రేకు విప్పబోతే ప్లాస్టిక్ క్లిప్పు పటుక్కున విరిగింది.

"థూ, నీ యవ్వ! గిదేం బండి? గిదేం పుటక?" రెండు పానాలు, ఒక సుత్తి రోడ్డు మీద పడ్డాయి. టైర్ల దుకాణంవాడు లోపల్నుంచి, "అన్నా, ఇటు దిక్కు పిల్లలు తిరుగుతుంటరే!" అని అరిచాడు.

"పిల్లలకు చెప్పు, పెద్దగైతే గిసోంటి బండ్లు కొనొద్దని!" అని ఇతను అరిచాడు.

శుక్రవారం మధ్యాహ్నం అతని భార్య అరుణమ్మ టిఫిన్ డబ్బా పట్టుకొచ్చింది. నల్లగా ఉబ్బిన అతని చేతులు చూసి, కడుక్కోమని నీళ్ళు పోసింది. పోస్తూ, "పెద్దరాములు పెండ్లాం కలిసింది, వీరభద్రుని గుడి కాడ," అంది. "నిన్నంత తిరిగితె ఆయనకు యాడ డ్రైవర్ పని దొరకలేదట. కంపెనీ స్టాఫ్ బండికి పోతె, ఇంజిన్ ముంచినోనికి బండి ఇయ్యం అన్నరట. అడ్డ మీద నీళ్ళ రాములు అని పేరు పెట్టిన్రట. ఇయ్యాల్టి సంది బొంతపల్లి దిక్కు ఒక ఫ్యాక్టరీల డ్రమ్ములు దొర్లిస్తుండు. ఆమె ఏడుస్తుంటే నాకు మొఖం ఎక్కడ పెట్టుకోవాల్నో తెల్వలే."

"నీకెందుకు సిగ్గు? ముంచింది వాడు."

"నువ్వు సూసినవా?"

"తిననియ్యవా నన్ను?" అని విరుచుకుపడ్డాడు శ్రీశైలం. ఆమె డబ్బా అక్కడే పెట్టి వెళ్ళిపోయింది. శ్రీశైలం సగం అన్నం కుక్కకు వేసి, మళ్ళీ ఆ ఏడో బోల్టు మీద పడ్డాడు. ఆ పూట అది చెప్పినట్టు విన్నది.

మానిఫోల్డ్ రెండు చేతుల్లోకి తేలిగ్గా లేచి వచ్చింది. కింద నాలుగు ప్లగ్గు గుంటలు తొలిసారి వెలుతురు చూశాయి. మూడో గుంటలోని కాయిల్ రానన్నది. మెలితిప్పి గుంజితే చప్పుడుతో ఊడొచ్చింది. దాని తొడుగు చుట్టూ జిగట. లోపలి ఇత్తడి ముక్కకు పచ్చటి చిలుము. శ్రీశైలం ఆ జిగటను వేలితో తీసి చూశాడు. పసుప్పచ్చగా ఉంది, అందులో ఎర్రటి చుక్కలు. గుంట అంచున ఇంత పొడుగు పీచు ఒకటి అంటుకుని ఉంది.

ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. పులిసిన కొబ్బరి వాసన.

షెడ్డు మూలన చెక్క బల్ల మీద దసరా నాటి కుంకుమ మరకలు ఇంకా ఉన్నాయి. అతను అటు చూశాడు. ఒక కాయ, రెండో కాయ, మూడో కాయ. గంటలోపే ఆరిపోయే పాత ఇనుము కాదు. ఇది నీళ్ళు లోపలికి జార్చుకుని, మూత పెట్టుకుని, పన్నెండు రోజులు నోట్లో ఉంచుకున్న ఇంజిన్. "నేను పోసిన్నా?" అని అడిగాడు కదూ అందరి ముందర. అవును నాయనా, నువ్వే పోశావు.

అతనికి వచ్చిన కోపం అంతా ఇంతా కాదు. పానా చేతిలోకి తీసుకున్నాడు, ఎవరి మీద విసరాలో తెలియక మళ్ళీ కింద పెట్టాడు. ఇంజిన్ గీసినవాడిని తిట్టబోతే మాట రాలేదు. వాడు ఎక్కడో కూర్చుని గీశాడు, ఈ పాడు సందులకు వాడినెంత తిట్టినా పాపం లేదు. కానీ పెద్దరాములు వాడి సందులో పడి నలగలేదు, తన నోట్లో పడి నలిగాడు.

శనివారం పొద్దున్నే గుంటలు గాలి కొట్టి ఆరబెట్టి, చిలుము గీకి, ఆ ఒక్క కాయిల్ కొత్తది వేసి, మానిఫోల్డ్ మళ్ళీ బిగించాడు. ఇంజిన్ నిశ్శబ్దంగా, చక్కగా తిరిగింది. పాత కాయిల్‌ను పీచుతో సహా గుడ్డలో చుట్టి జేబులో పెట్టుకున్నాడు. బద్రీనాథ్ వచ్చి ఇంజిన్ చప్పుడు విని మురిసిపోయాడు. "శ్రీశైలం, నీ చేతికి దండం పెట్టాలె," అన్నాడు.

"పెట్టకు. చెడగొట్టింది గీ చెయ్యే," అని గుడ్డ విప్పి చూపించాడు శ్రీశైలం. మొత్తం చెప్పాడు.

బద్రీనాథ్ ఆ పీచు వంక చూసి నవ్వేశాడు. "అరె, దేవుని నీళ్ళకు దోషమేముంది? ఊకో. ఎవలకు తెల్వదు. రాములును ఇప్పుడు మళ్ల పిలుస్తె నా ఇజ్జత్ ఏముంటది? అందరికి చెప్పిన వాడు ముంచిండని. కొత్తోన్ని సూసిన, సోమారం వస్తడు. తాళం తే."

"ఇయ్య."

"ఏంది?"

"ఇయ్య అంటున్న. నీ ఇజ్జత్ పోతదా? మరి వానిది? వానికి ఇజ్జత్ లేదా, డ్రమ్ములు దొర్లిస్తె సాలా?" శ్రీశైలం గొంతు చాయ్ కొట్టు దాకా వినబడింది. "రేపు పది గంటలకు అడ్డ మీదికి రా సేటూ. రాములు వచ్చి తాళం తిప్పుతడు, బండి అప్పుడు కదుల్తది. లేదంటవా, గీ ఇంజిన్ మళ్ల ఇప్పి ముక్కలు మూట కట్టి ఇస్త, షోరూంకు తీస్కపో!"

బద్రీనాథ్ దిమ్మతిరిగి ఆటో ఎక్కాడు. శ్రీశైలం అదే ఊపులో బైకు తీసి బొంతపల్లి పోయాడు. ఫ్యాక్టరీ గేటు ముందర మధ్యాహ్నం షిఫ్టు దిగి వస్తున్న పెద్దరాములు చొక్కా నిండా రసాయనం మరకలు, కళ్ళు ఎర్రగా ఉన్నాయి. శ్రీశైలాన్ని చూసి ఆగలేదు. వెంటబడి నడుస్తూనే సంగతంతా చెప్పాడు శ్రీశైలం. దసరా, మూడు కాయలు, మూడో గుంట.

పెద్దరాములు అప్పుడు నిలబడ్డాడు. "నాకెందుకు చెప్తున్నవన్నా? నేను ముంచలేదని నాకు తెల్వదా? యాడ అన్నవో ఆడ చెప్పు."

"అందుకే వచ్చిన. రేపు పది గంటలకు."

ఆదివారం పది గంటలకు అడ్డ మీద పన్నెండు బండ్లున్నాయి. డ్రైవర్లందరూ ఉన్నారు. బద్రీనాథ్ మొహం గంటు పెట్టుకుని టైర్ల దుకాణం నీడలో నిలబడ్డాడు. పెద్దరాములు ఉతికిన తెల్ల చొక్కా వేసుకుని వచ్చాడు, డ్రైవర్‌గా ఉన్నప్పుడు వేసుకునేది. శ్రీశైలం కారును షెడ్డు ముందర పెట్టి, బానెట్ ఎత్తి, దాని పక్కన నిలబడి గుడ్డ విప్పాడు.

"ఇగ సూడున్రి. గిది కొబ్బరి పీచు. గిది నేను పెట్టిన కుంకుమ. బండి నీళ్ళల్ల దిగలె. నీళ్ళు నేను పోసిన, మూడు కాయలవి. పెద్దరాములు వద్దన్నడు, నేనే ఇనలె. వాని మీద నేను అన్నది తప్పు. నీళ్ళ రాములు అని ఇగ ఎవడన్న అంటే వాని పండ్లు రాలగొడ్త."

అందరూ నవ్వడం మొదలుపెట్టారు. "అరె, ఇంజిన్‌కు దూప తీర్చినవన్నా!" అన్నాడు ఒకడు. "పూజ జేస్తె గూడ తప్పేనా, పోనీ తియ్," అన్నాడు ఇంకొకడు. సేటు మొహం కూడా సడలింది. భక్తితో చేసిన పొరపాటు కదా, ఎవరు మాత్రం కోప్పడతారు! శ్రీశైలానికి గుండె మీది బరువు దిగినట్టనిపించింది. తాళం చెవి పెద్దరాములు వైపు చాచాడు.

పెద్దరాములు అందుకోలేదు. నవ్వనూ లేదు. "ఒక్కటి అడుగుత అన్నా," అన్నాడు. "నీళ్ళు నువ్వే పోసినవని నీకు నిన్న మొన్న తెలిసింది. అది సరే. కని ఆ బుధవారం నువ్వు కిందికి తొంగిసూసినవ్. ఎయిర్ ఫిల్టర్ ఇప్పి సూసినవ్. బురద లేదు. నువ్వు గది సూసినవా, సూడలేదా?"

నవ్వులు ఆగిపోయాయి. చూడలేదంటే సరిపోయేది. కంగారులో గమనించలేదంటే అందరూ నమ్మేవారు. ఎండలో ఎత్తిన బానెట్ కింద ఇంజిన్ శుభ్రంగా, పొడిగా ఉంది. ఆ రోజూ అలాగే ఉండింది.

"సూసిన," అన్నాడు శ్రీశైలం.

"సూసి గూడ అన్నవ్."

"సూసి గూడ అన్న. షోరూంకు పోదామన్నవని కోపానికొచ్చి అన్న."

చాయ్ కొట్టువాడు గిన్నెలో గరిటె తిప్పడం ఆపేశాడు. శ్రీశైలం చెయ్యి ఇంకా చాచే ఉంది. పెద్దరాములు ఆ చేతి వంక, దాని మీది గీతల వంక చూశాడు. తర్వాత తాళం చెవి తీసుకుని, బానెట్ దించి, డ్రైవర్ సీట్లో కూర్చున్నాడు.